దమ్ము కోసం తడి తువాలు

నిన్న ఆత్మకూరులో మా ఇంటికి కొరియర్‌లో ఒక రబ్బరు మాస్కు వచ్చింది. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న నా మనవరాలు తెప్పించుకుంది. అది తగిలించుకుని పరిగెత్తితే గాలి తక్కువ అందుతుందట, అలా దమ్ము పెరుగుతుందట, నిజమేనా తాతా అని అడిగింది. వద్దని ఒక్క మాట చెప్పి, అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను.

మా రోజుల్లో ఇలాంటివి ఎక్కడివి, మన వయసువాళ్లకు తెలియంది కాదు. అప్పుడు మేము ఉదయగిరిలో ఉండేవాళ్లం. రెండుసార్లు పరుగులోనే పోయిన నాకు అది ఆఖరి కానిస్టేబుల్ సెలక్షను, ఆ ఏడు గడిస్తే వయసు దాటిపోతుంది, పొలం చూస్తే బీడు, నాయన మంచాన పడి ఉన్నాడు, ఇంట్లో ఎవరూ నా ముఖం చూసి మాట్లాడని రోజులవి. మిలిటరీలో మంచుకొండల మీద పనిచేసి వచ్చిన మా మేనమామ ఒక్కడే నా మీద జాలిపడి, "ఆడ గాలి పల్చగా ఉండాదిరా, కొన్నాళ్లుంటే దమ్ము దానంతటదే వస్తాది" అన్నాడు. మాకు ఉన్నది దుర్గం కొండ. ఆ ఎత్తు చాలదని మామే తువాలు తడిపి నా ముక్కుకూ మూతికీ బిగించి కట్టాడు.

మూడు నెలలు రోజూ పొద్దున్నే ఆ రాళ్ల దారిన ఎక్కాను. తడిగుడ్డ ముక్కుకు అంటుకుపోయేది, కళ్లు బైర్లు కమ్మేవి, రెండుసార్లు తూలి పడ్డాను కూడా, అయినా విప్పలేదు. ఎంత పిచ్చి నమ్మకమంటే, ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడే ఉద్యోగం దగ్గరికి వస్తున్నట్టు ఉండేది. అలా కట్టుకుంటే నడకకు కాస్త మించి వేగంగా పోలేమన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

నెల్లూరులో ఆ రోజు గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. ఊపిరి హాయిగా ఆడింది. కాళ్లు మాత్రం కొండ మీద అలవాటైన వేగం దాటలేదు. ముందువాళ్లు దూరమవుతుంటే ఎంత తరిమినా కాళ్లు వినలేదు, నేను గీత చేరకముందే గడువు అయిపోయిందని విజిల్ ఊదేశారు. నెగ్గినవాళ్లు నేల మీద పడి రొప్పుతున్నారు. నేను నిలబడి ఉన్నాను. కంచె అవతలున్న మామ అది చూసి నెగ్గాననుకుని, ముక్కూ ముఖం తెలియనివాళ్లకు కూడా "మా అక్క కొడుకు, ఆయాసం లేకుండా వచ్చినాడు చూడండి" అని చెప్పుకుంటున్నాడు. ఆయన దగ్గరికి నడిచి వెళ్లడం కంటే కష్టమైన పని నేను జన్మలో చేయలేదు.

ఇప్పటి పిల్లలకు వేగం చెప్పే గడియారాలున్నాయి, తప్పు చేస్తే దిద్దే కోచ్‌లున్నారు. పల్చని గాలిలో వారాల తరబడి ఉంటే ఒంట్లో రక్తమే మారుతుందనీ, గుడ్డ కడితే అది రాదనీ, పైగా వేగం చచ్చిపోతుందనీ మొన్నీమధ్య ఒక వ్యాయామం టీచరు చెబితే నాకు తెలిసింది. అప్పటికి మామ పోయి చాలా ఏళ్లయింది. నా ఒంట్లోనే సత్తువ లేదని ఆయన చివరిదాకా బాధపడ్డాడు. ఇన్నేళ్లూ నేనూ అదే నమ్మి బతికాను.