వెనకసీటు వాళ్ళకి వినపడేలా

మధుబాబుకి మాటలు రావని కాదు. వస్తాయి, కానీ వెనకసీట్లో మనుషులుంటే రావు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, కువైటులో అంటుకున్నది. పద్నాలుగేళ్ళు అక్కడ ఒకే సేటు ఇంట్లో కారు నడిపాడు. చేరిన కొత్తలో, పిల్లల్ని బడికి తీసుకెళుతూ, ఇవాళ ఎండ మండిపోతోందని మర్యాదకి ఓ మాట అన్నాడు. గోదావరి జిల్లా మనిషి కదా, పలకరించకుండా ఉండలేడు. సాయంత్రం మేడమ్ పిలిచి, నీ పని రోడ్డు చూడటం, అడిగితే తప్ప నోరు విప్పకు, అద్దంలోంచి వెనక్కి చూడకు అని చెప్పేసింది. చెప్పిన మాట వినడంలో మధుబాబుని మించినవాడు లేడు. నోరు మూసుకున్నాడు, అది అలాగే బిగుసుకుపోయింది. దుకాణాల బయట సేటుల కోసం కాచుకుని ఉన్నప్పుడు తోటి డ్రైవర్లతో మాత్రం గలగలా వాగేవాడు. ఇంటికి ఫోను చేస్తే భార్య రేచల్ చెప్పింది వినడం, ఆయ్ అనడం, మళ్ళీ వినడం. గోడకి చెప్పుకున్నా కాస్త సున్నం రాలుతుంది అని ఆవిడ నిష్ఠూరమాడేది.

అలాంటివాడు, నలభై దాటాక, ఏ చదువులో చేరాడయ్యా అంటే పర్యాటక డిప్లొమాలో. గైడు కావడానికి. నోటితో బతికే ఉద్యోగానికి. అమలాపురం కాలేజీలో మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లల పక్కన కూర్చున్నాడు. ట్రావెల్స్ చదువంటే వీసాలు ఇప్పించడమే అనుకుని వీధిలోవాళ్ళు కొందరు పాస్‌పోర్టులు పట్టుకుని ఇంటికొచ్చేశారు కూడా. వాళ్ళకి టీలిచ్చి పంపేసరికి రేచల్ తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత అవస్థ ఎందుకంటే, అతనికి మళ్ళీ వెళ్ళాలని లేదు. కూతురు షైనీ ఇంటర్‌కొచ్చింది. తండ్రంటే ఆ పిల్లకి తెలిసింది సెలవుల్లో వచ్చే మనిషి, సూట్‌కేసు నిండా చాక్లెట్లు. దిండిలో పడవలు తిప్పే ఒక కంపెనీవాళ్ళు, పట్టా ఉంటే గైడుగా తీసుకుంటామన్నారు. ఈలోగా కువైటు నుంచి సేటు కొడుకు కబురు పెట్టాడు, కొత్త కారు కొన్నాం, వీసా సిద్ధం, వచ్చెయ్యమని. మొగుడూ పెళ్ళాం కూర్చుని ఒక మాట అనుకున్నారు. పరీక్ష పాసైతే ఇక్కడే ఉంటాడు. తప్పితే విమానం ఎక్కుతాడు. ఇల్లు గడవాలి కదా.

రాత పరీక్ష గట్టెక్కింది. అసలు గండం ప్రాక్టికల్. నడుస్తున్న బస్సులో మైకు పట్టుకుని, తోటి విద్యార్థులే యాత్రికులనుకుని, దారిపొడవునా విశేషాలు చెప్పాలి. బస్సు రావులపాలెంలో బయల్దేరి దిండి చేరుతుంది. కొత్తపేట దగ్గర్నుంచి గన్నవరం అక్విడెక్టు వంతెన దాటేదాకా మధుబాబు వంతు. ఖాళీ గదిలో సాధన చేసినప్పుడు ఏరులా మాట్లాడేవాడు. గదిలోకి నలుగురు రాగానే ఏరు ఇంకిపోయేది. ఆ పొద్దున రేచల్ ప్రార్థన చేసి, అల్లం నీళ్ళు తాగించింది. లోపం గొంతులో లేదని ఇద్దరికీ తెలుసు.

బస్సు కొత్తపేట దాటింది. మధుబాబు డ్రైవరు పక్కన నిలబడి, మైకు పట్టుకుని, నమస్కారమండీ అన్నాడు. పేరు చెప్పాడు. అక్కడితో సరి. ఎదురుగా అన్నీ మొహాలే, అన్నీ తననే చూస్తున్నాయి. కిటికీల్లోంచి అరటితోటలు వెళ్ళిపోతున్నాయి, వాటి గురించి రాత్రంతా బట్టీపట్టింది కూడా వాటితోపాటే వెళ్ళిపోతోంది.

తరగతిలో అతని పక్కన కూర్చునే దుర్గాభవానికి ఈయన సంగతి తెలుసు. అడిగితే చెబుతాడు. బాబాయ్ గారూ, ఈ గెలలన్నీ ఎక్కడికెళతాయండీ అని అడిగింది. రావులపాలెం మార్కెట్టుకని చెప్పి ఆగిపోయాడు. కాసేపటికి మరోటి అడిగింది. అదీ చెప్పి ఆగిపోయాడు. పరీక్ష చేయడానికి వచ్చిన సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన చెయ్యెత్తి, ఇక ఎవరూ ఏమీ అడగొద్దన్నారు.

మధుబాబు పాత అలవాటు కొద్దీ మొహం రోడ్డువైపు తిప్పేసుకున్నాడు. మైకు గడ్డం కిందే ఉండిపోయింది. గన్నవరం వచ్చింది.

డ్రైవరు బంగారరాజుకి జాలేసింది. ఒంట్లో బాలేదా, బండి ఆపమంటారా అని మెల్లిగా అడిగాడు.

"ఆపొద్దండీ. ఈ అక్విడెక్టు మీద కాస్త నెమ్మదిగా పోనివ్వండి, చాలు" అన్నాడు మధుబాబు.

"ఆయ్. ఏంటండీ, ఇక్కడేమన్నా ఉందా?"

అడిగింది డ్రైవరు. డ్రైవరుతో మాట్లాడటానికి మధుబాబుకి ఏనాడూ అడ్డు లేదు.

"నేను కువైటు ఎల్లేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ కారు నెమ్మది చేయించేవోణ్ణండీ. కిందది వైనతేయ, సముద్రంలోకి పోయే గోదారి. దాని నెత్తిమీంచి కాలవ నీళ్ళు దాటి మా వైపు చేలకెళతాయి. ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఎల్లేటప్పుడు ఇది దాటితే ఊరు అయిపోయినట్టండీ. వచ్చేటప్పుడు ఇది దాటితే ఇల్లొచ్చేసినట్టు. అక్కడ నిద్రపట్టని రోజున ఈ నీళ్ళే తలుచుకుని పడుకునేవోణ్ణి."

బంగారరాజు ఊఁ కొడుతున్నాడు. మధుబాబు వరదలొస్తే లంకలవాళ్ళు పశువుల్ని ఎలా దాటిస్తారో చెప్పాడు, దింపు కార్మికుడు కొబ్బరిచెట్టెక్కి ఏ కాయ వదిలేస్తాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ, యథాలాపంగా కళ్ళెత్తి డ్రైవరు అద్దంలోకి చూశాడు. చూడకూడదన్న అద్దం. అందులో బస్సంతా ముందుకి వంగి ఉంది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారైతే కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని వింటున్నారు. మైకు ఇంతసేపూ పనిచేస్తూనే ఉంది.

"బంగారరాజు గారికి చెప్పినట్టే మాకూ చెప్పండి. మొహం మాత్రం ఇటు తిప్పండి" అన్నారాయన.

మధుబాబు తిరిగాడు. మాట ఆగలేదు. అక్విడెక్టు దాటినా ఆగలేదు, తరవాత వంతు దుర్గాభవానిదని ఎవరికీ గుర్తు రాలేదు, రాజోలు దగ్గర ఆ పిల్లే వచ్చి నవ్వుతూ మైకు లాక్కుంది. దిండిలో దిగాక సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, మీరు పాసండి, ఇక మంచినీళ్ళు తాగండి అన్నారు. మధుబాబు రేవు గట్టుమీద కూలబడి, గుండె తేలికయ్యేదాకా ఏడ్చాడు.

ఆ సాయంత్రం సేటు కొడుక్కి తనే ఫోను చేసి, రానని చెప్పాడు. ఆ ఇంటివాళ్ళ మాట అతను కాదనడం అదే మొదటిసారి. తరవాత అన్నం ముందు కూర్చుని, కొత్తపేట నుంచి మొదలుపెట్టి, రేచల్‌కీ షైనీకీ మొత్తం చెప్పసాగాడు. చెయ్యి కంచంలో ఎండిపోతోంది.

"కాస్త ఊరుకుందురూ, అన్నం చల్లారిపోతోంది" అంది రేచల్.

మధుబాబు టక్కున నోరు మూసుకున్నాడు. తలొంచుకుని ముద్ద కలపసాగాడు. రేచల్ చప్పున వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఊరుకోమంటే ఊరుకోడమేనేంటండీ? అన్నం మళ్ళీ వేడి చేస్తాను. చెప్పండి, డ్రైవరు గారు బండి నెమ్మది చేసేరు, తరవాత?"