జమైకాలో సాయంత్రం, మా ఒడ్డున పొద్దుపొడుపు

మా బావ అప్పలరాజు కరీబియన్ దీవుల చుట్టూ తిరిగే ఓ పర్యాటక ఓడలో వంటవాడు. తొమ్మిది నెలలుగా అతను పంపిన జీతంతో మా అక్క రాజీ కొత్త ఫైబర్ పడవ చేయించింది. వేట నిషేధం ముగిసిన మర్నాడు తెల్లవారాక దాన్ని మొదటిసారి నీళ్లలోకి తోయాలి. అదృష్టం కొద్దీ ఆ వేళకి ఓడ జమైకా రేవులో ఉంటుంది, అక్కడ అప్పుడు సాయంత్రం. బావ ఒడ్డు మీద నిలబడి వీడియోలో చూస్తానన్నాడు. ఇంకో కాంట్రాక్టుకి సంతకం పెట్టేదీ లేనిదీ ఓడవాళ్లకి ఆ సాయంత్రమే చెప్పాలట. "పడవ నీల్లలోకి ఎల్లడం సూస్తే మనసు మారి వచ్చీస్తాడే. లేదా మల్లీ ఏడాదే" అని అక్క ఫోన్లో ఏడ్చింది. బావకి వీడియో కలిపే పని నామీద పడింది. ఊళ్లు తిరిగి రాస్తుంటానని, దేశాల వేళలన్నీ నాకు కొట్టిన పిండని మావాళ్ల నమ్మకం.

ముందురోజు మధ్యాహ్నం విజయనగరంలో ప్యాసింజరు ఎక్కాను. వంద నోటిస్తే టికెట్టు పోను బోలెడు చిల్లర వస్తుంది. సాయంత్రానికి కోటబొమ్మాళిలో దిగి, ఆటో మాట్లాడుకుని టెక్కలి మీదుగా అక్కవాళ్ల ఊరికి వెళ్లాను. ఒక్కరే ఆటో పెట్టుకుంటే నాలుగైదొందలు అడుగుతారు, నలుగురు కూడితే తేలిక. నౌపడ ఉప్పుమళ్లు దాటేసరికి సముద్రపు గాలి మొహానికి కొట్టింది.

నేను ఫోన్లో మళ్లీ మళ్లీ లెక్క చూసుకుంటుంటే డ్రైవరు అద్దంలోంచి అడిగాడు. "ఏటమ్మా, అంతలా లెక్కెడతన్నారు?"

"జమైకాలో ఇప్పుడెంతయిందో చూస్తున్నాను బాబూ. మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ ఇప్పుడే తెల్లారింది."

"ఓలమ్మా! మనం వాడీసిన పొద్దే ఆళ్లకి పంపుతారన్నమాట!" అని పగలబడి నవ్వాడు.

నా లెక్క ఇదీ. "ఎనిమిదికల్లా ఓడ ఎక్కీయాల" అన్నాడు బావ. జమైకాలో రాత్రి ఎనిమిదంటే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. పడవ తోసేది ఆరింటికి, పోటు బాగా ఎక్కాక. అరగంట మిగులుతుంది కదా అని, ఓడ ఎక్కేలోపే చూడొచ్చని బావకి చెప్పి నిశ్చింతగా చేపల పులుసు తిని పడుకున్నాను.

తెల్లారింది. పడవకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయల దండ కట్టారు. ఐదుంపావుకి బావ ఫోను. తెరమీద అతని వెనక ఆకాశం ఎర్రగా ఉంది, మా వెనకా ఎర్రగానే ఉంది. అక్కడ పొద్దు వాలుతోంది, ఇక్కడ పొడుస్తోంది.

"ఒలే సుజాతా, పడవేటి ఇంకా ఇసకలోనే ఉన్నాది? నాను పావుగంటలో ఓడెక్కాల!"

"అదేంటి బావా, ఇంకా గంటంపావు ఉందిగా!"

"ఓడ గడియారం వేరే. ఇది అమెరికాలోన బయల్దేరిన ఓడ, ఎండాకాలం ఆళ్లు గడియారం గంట ముందుకి తిప్పుతారు, ఓడలోన అదే నడుస్తాది. జమైకా మీద గంట ముందు."

దేశం వేళ చూశాను గాని ఓడ వేళ అడగలేదు! ఓడ ఎక్కాక వీడియో రాదు. పరుగెత్తుకెళ్లి అక్క మావగారు పోలయ్యని బతిమాలాను.

"పోటెక్కకుండా తోస్తే ఇసకలోన కూరుకుపోద్దమ్మా. కొత్త పడవ, పగిలితే ఎవుల్ది బాద్దెత? ఆడు సూడాలని నాకు మాత్రం లేదేటి?" ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన్ని ఏమనగలం?

అక్క పూజకి తెచ్చిన ఇత్తడి బిందె అందుకుని, చీర ఎగదోపి నేరుగా అలల్లోకి నడిచింది. నడుం దాకా తడిసి, నిండు బిందె చంకనెత్తుకుని వచ్చింది. "పడవ గంగమ్మ కాడికి ఎల్లకపోతే గంగమ్మనే తెస్తాను. సూడు!" అంటూ ఆ నీళ్లన్నీ పడవ ముందు భాగం మీద పోసింది. పసుపు కరిగి ఇసుకలోకి కారింది. జనం చప్పట్లు కొట్టారు. నేను ఫోను పట్టుకుని ఏడుస్తున్నాను.

బావ "ఒలే రాజీ, సీరంతా తడిసిపోనాదే, సలి సేస్తాది" అన్నాడు. తర్వాత "పడవ తడిసినాది. ఇంక నానెందుకు ఇక్కడ? సంతకం ఎట్టను. వచ్చీస్తన్నాను" అన్నాడు. ఫోను తెగిపోయింది. ఆరింటికి పోటెక్కాక పడవ నీళ్లలోకి సాఫీగా వెళ్లింది.

ఒక దేశంలో ఎంతయిందో ఫోను చెబుతుంది. మనవాడు ఏ గడియారం ప్రకారం బతుకుతున్నాడో మాత్రం అతన్నే అడగాలి. జమైకాకి ప్రయాణమయ్యేవాళ్లు, అక్కడివాళ్లకి ఫోను చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: జమైకా ఏడాది పొడుగునా మనకంటే పదిన్నర గంటలు వెనకే. ఓడల్లో మాత్రం వేరే వేళ నడవొచ్చు. అందుకని "ఎన్నింటికి?" అన్నాక "ఎవరి గడియారంలో?" అని కూడా అడగండి. బావ వచ్చే నెల విశాఖలో దిగుతున్నాడు. విమానం ఎన్నింటికో రాసి పెట్టుకో అంటే మా అక్క వినడం లేదు. "తెల్లారీసరికి ఎల్లి కూకుంటాను. ఎప్పుడొస్తే అప్పుడే" అంటోంది.