భోగాపురంలో థాయ్ భోజనం, తినేసిన కంచాల ఫొటోలు

మా అమ్మ తినబోయే కంచాన్ని ఫొటో తియ్యనివ్వదు. దిష్టి తగులుతుందంటుంది. అందుకని నా ఫోన్లో ఉన్నవన్నీ తినేసిన కంచాలే, కొన్ని సగం తిన్నవి. నౌపడ ఉప్పు మడుల్లో అమ్మతోనూ నాతోనూ పనిచేసేవాళ్ళ టిఫిను డబ్బాలు, చేపల పులుసు అయిపోయాక మా ఇంటి గిన్నె, పెళ్ళిళ్ళలో మడిచిన విస్తరాకులు, ఇలాంటివి రెండేళ్ళుగా తీస్తున్నాను. మనుషుల్ని తియ్యాలంటే అడగాలి. నాకు అడగడం రాదు. ఏడో తరగతితో బడి మానేశాను, కొత్తవాళ్ళ ముందు ఇప్పటికీ గొంతు పెగలదు. కంచాలైతే ఏమీ అనవు.

ఖాళీగా ఉన్నప్పుడు థాయిలాండ్ వంటల వీడియోలు చూస్తుంటాను. ఆ ఆకుపచ్చ కూర, ఆ రొయ్యల చారు ఒక్కసారైనా తినాలని ఉండేది. ఉప్పు లోడుకి వచ్చిన ఒక లారీ డ్రైవరు, భోగాపురం దాటాక హైవే పక్కన ఒకామె థాయ్ భోజనం పెడుతోందని చెప్పాడు. వానలు మొదలైతే మడుల్లో పని ఉండదు కాబట్టి ఒక ఆదివారం బయల్దేరిపోయాను.

నౌపడలో ఉదయం ఆరుంపావుకి ప్యాసింజరు ఎక్కాను. విజయనగరానికి టికెట్టు ముప్పై రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దొరికింది. చీపురుపల్లిలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పింది. ఆమె తినేదాకా ఆగి, చట్నీ అంటుకున్న ఆకుని చూపించి ఫోను పైకెత్తాను. "ఖాళీ ఆకుని తీస్తన్నావేటిరా? ముందే సెప్తే ఒక ఇడ్లీ ఉంచుదును కదా," అని నవ్వింది. తొమ్మిదిన్నరకి విజయనగరంలో దిగాను. స్టేషను బయట నాతవలస వెళ్ళే షేర్ ఆటోలుంటాయి. అక్కడ దిగి హైవే మీద ఇంకో ఆటో ఎక్కాలి. రెండూ కలిపి నాకు అరవై అయ్యాయి.

రెండో ఆటో మావ నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా గుంటడా? ఎయిర్‌పోర్టు సూడ్డానికా?"

"కాదు మావా. నౌపడ నించి వస్తున్నా, థాయ్ భోజనం తినడానికి."

"తినడానికి నౌపడ నించి వచ్చేవా! మీ ఊళ్ళో కూడు దొరకదేటి?"

ఆటోలో అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. కానీ సరిగ్గా ఆ భోజనం షెడ్డు ముందే ఆపి, "పైడమ్మ మంచిదే, దాని అన్నకే కొంచెం నోరెక్కువ," అని చెప్పి మరీ వెళ్ళాడు.

రేకుల షెడ్డు. ఒకవైపు అన్న అప్పన్న చేపల పులుసు భోజనం పెడతాడు. రెండోవైపు చెల్లెలు పైడమ్మ థాయ్ భోజనం పెడుతుంది. మధ్యలో ఒక పరదా, అంతే. నేను వెళ్ళేసరికి పదకొండు కాలేదు, బల్లలన్నీ ఖాళీ. పరదా అవతల ఇద్దరూ వాదించుకుంటున్నారు. నేనొచ్చినట్టు వాళ్ళకి తెలియదు.

"ఈ రోజే ఆఖరు. రేపట్నించి ఆ పొయ్యి మీద పరోటా పెనం ఎట్టేస్తాను," అన్నాడు అప్పన్న.

"తిన్నోళ్ళందరూ బాగుందనే సెప్తన్నారు కదన్నా."

"నోటితో సెప్తన్నారు. కంచాలు సూడు. ప్రతోడూ పిడికెడు కూడు వొగ్గేసి లెగిసిపోతన్నాడు. బాగుంటే వొగ్గేస్తారేటి?"

పైడమ్మక్క గరిటె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇవతలికి వచ్చి నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. "ఉల్లిపాయలు తమ్ముడూ. ఏటి కావాలి?" అంది. ఆమె చేతిలో ఉల్లిపాయ లేదు. నేను బోర్డు మీద రెండు పేర్లు వేలితో చూపించాను. రొయ్యల చారు తొంభై, కోడి ముక్కలతో పచ్చ కూరా అన్నం నూట ఇరవై.

ఆమె వండుతూ తనే మాట్లాడుతుంది, అది నాకు హాయిగా ఉంది. విశాఖపట్నంలో ఒక హోటల్లో థాయ్ వంటాయన కింద ఆరేళ్ళు పనిచేసిందట. ఆయన వాడే నిమ్మాకు ఇక్కడ దొరకదు కాబట్టి దబ్బాకు వేస్తుంది. అల్లంలాంటి ఇంకో దుంపని పచారీ కొట్లో దుంపరాష్ట్రం అని అడిగి తెస్తుంది. నిమ్మగడ్డి షెడ్డు వెనకాలే పెంచుతోంది. రొయ్యలు, కొబ్బరికాయలు మనవే. "ఆరేళ్ళు నేర్సుకున్నది ఎక్కడా మార్సను. థాయ్ అంటే థాయే," అంది.

ముందు చారు వచ్చింది. మొదటి గుటకకి మా చింతపండు చారులా పులుపు తగిలింది, ఆ తర్వాత మిరపకాయ ఘాటు ముక్కులోకి ఎక్కింది, చివర్లో నిమ్మ వాసన మిగిలింది. గిన్నెలో వేలెడు పొడవు కాడలున్నాయి. మునక్కాడ అనుకుని ఒకటి నోట్లో పెట్టి నమిలాను. ఎంత నమిలినా పీచే.

"ఓలమ్మో, అది నమిలీసేవేటిరా!" అని పైడమ్మక్క పరిగెత్తుకొచ్చింది. "వాసనకి ఏస్తాం ఆ నిమ్మగడ్డిని. కరేపాకులాగ తీసి పక్కనెట్టాలి."

పచ్చ కూర మాత్రం నాకు మాటల్లో చెప్పడం రాదు. కొబ్బరిపాలు, పచ్చిమిర్చి, ఏదో తులసిలాంటి ఆకు. చేత్తో అన్నంలో కలుపుకుని తిన్నాను. గిన్నె అంచున ఉన్నది కూడా వేలితో తీసుకున్నాను. చెయ్యి కడుక్కొచ్చి అలవాటు ప్రకారం కంచాన్ని ఒక ఫొటో తీశాను.

పన్నెండున్నరకి జనం వచ్చారు. ఎయిర్‌పోర్టు పనిలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, బైకు మీద వచ్చిన భార్యాభర్తలు. నలుగురూ పచ్చ కూరే తిన్నారు, నలుగురూ "బాగుందమ్మా" అని చెప్పి వెళ్ళారు. ఆమె కంచాలు తియ్యడానికి రాకముందే గబగబా నాలుగూ ఫొటో తీశాను. నాలుగో దాని దగ్గర పైడమ్మక్కకి దొరికిపోయాను.

"ఏటిరా అది? ఎంగిలి కంచాలు తీస్తన్నావేటి? పైడమ్మ కూడు ఎవరూ తినట్లేదని ఊరంతా సూపిద్దామనా?"

మామూలుగా మాట్లాడే మనిషి అంత గట్టిగా అరిచింది. పరదా తీసి అప్పన్న కూడా వచ్చాడు. ఫోను ఆమె చేతిలో పెట్టేశాను. ఆమె కోపంగానే వేలితో జరపడం మొదలుపెట్టింది. ఉప్పు మడుల డబ్బాలు, మా అమ్మ కంచం, రైల్లో ఇడ్లీ ఆకు. కాసేపటికి జరపడం నెమ్మదించింది.

"అన్నీ ఇవేనేటి?"

తల ఊపాను. మళ్ళీ ఈ రోజు తీసినవాటి దగ్గరికి వచ్చి ఆగింది. నేనూ పక్కనుంచి చూశాను. ఐదు కంచాలు, మొదటిది నాదే. గిన్నెల్లో కూర చుక్క లేదు, వేళ్ళ గీతలు కనిపిస్తున్నాయి. కంచంలో మాత్రం ఒక పక్కగా పిడికెడు తెల్లన్నం ఉంది. ఐదింటిలోనూ అంతే, ఒకే కొలత. అంత బాగా తిన్నవాణ్ణి, నేనెందుకు వదిలానో నాకే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోను తీసుకుని వెనక్కి జరిపాను. మడుల దగ్గర మా వాళ్ళు గట్టు మీద కూర్చుని భోజనం చేస్తుండగా తీసింది ఒకటుంది, మజ్జిగ క్యాను ఇంకా వాళ్ళ దాకా రాలేదు. అందరి డబ్బాల్లోనూ ఒక మూల అదే పిడికెడు.

"అక్కా," అన్నాను. ఆ ఫొటో ఆమెకి చూపిస్తూ మళ్ళీ అన్నాను. "అక్కా, అది వొగ్గేసింది కాదు. పెరుగులోకి ఉంచుకున్నారు."

"మరి అడగొచ్చు కదా!"

"థాయ్ భోజనం కదా, ఉండదేమో అనుకుంటారు. నేనూ అడగలేదు."

అప్పన్న ఫోను లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. పైడమ్మక్క ఒప్పుకోలేదు. "పచ్చ కూర మీద పెరుగేటిరా? నాకు నేర్పినాయన సూస్తే నవ్వుతాడు."

"కూర మీద కాదక్కా. ఆఖర్న."

రెండున్నరకి, ఇక సర్దుకుంటుండగా, పక్క ఊరి నుంచి రోజూ చేపల భోజనానికి వచ్చే ఒక పెద్దాయన వచ్చాడు. ఆ రోజు పులుసు అయిపోయింది. "పోనీ మా సెల్లి కూర తిను మావా," అన్నాడు అప్పన్న. పెద్దాయన గిన్నెలోకి చూసి, "గడ్డి రుబ్బేవేటే పైడీ?" అన్నాడు. అయినా ఆకలి మీద ఉన్నాడు కాబట్టి కలిపాడు. మొదటి ముద్ద తర్వాత గబగబా తినసాగాడు. కాసేపటికి గిన్నె వంచి కూరంతా ఒంపుకున్నాడు. అన్నం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒక పక్కన పిడికెడు మిగిలింది. చెయ్యి ఆగింది.

పైడమ్మక్క పరదా దగ్గరే నిలబడి ఉంది. ఎంతసేపు నిలబడిందో తెలియదు, నాకైతే చాలాసేపనిపించింది. చివరికి అన్న వైపు వెళ్ళి చిన్న గిన్నెతో పెరుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దాయన తల కూడా ఎత్తలేదు. వేసుకున్నాడు, కలుపుకున్నాడు, తిన్నాడు, అరచెయ్యి కూడా నాకాడు. "ఇప్పుడు బువ్వ తిన్నట్టున్నాది. రేపు కూడా ఈ గడ్డే ఎట్టే," అని లేచాడు.

"తియ్యరా ఫొటో," అంది పైడమ్మక్క. తీశాను. మెతుకు లేదు.

అప్పన్న ఆ కంచాన్ని చూశాడు, పొయ్యిని చూశాడు. తలపాగా విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"రేపు తోడెట్టడానికి పాలు ఇంకో రెండు లీటర్లు సెప్పమంటావేటే?" అన్నాడు.

ఆమె అటు తిరిగిపోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. "మూడు సెప్పు," అంది.

సాయంత్రం రైల్లో కూర్చుని ఆ ఆరు కంచాలూ మళ్ళీ చూసుకున్నాను. ఇన్నాళ్ళూ మనుషులతో మాట్లాడే పని తప్పుతుందని కంచాల్ని తీసేవాణ్ణి. ఆ రోజు మాత్రం వాటివల్లే మాట్లాడాల్సి వచ్చింది. తిన్నవాళ్ళు మర్యాదకి బాగుందని వెళ్ళిపోతే, కావలసింది అడగలేక నేనూ లేచి వచ్చేస్తే, వండిన మనిషి మాత్రం అందులో తన తప్పేమిటా అని వెతుక్కుంటూ ఉండిపోతుంది. ఈ సంగతి అంతకుముందు నాకు తట్టలేదు.

మీరు వెళ్తే పన్నెండు లోపే చేరండి, రొయ్యల చారు తొందరగా అయిపోతుంది. తిన్నాక ఏదైనా తక్కువైందనిపిస్తే మాత్రం లేచేముందు పైడమ్మక్కకి చెప్పండి. నాలాంటివాడి మాటే విన్నది, మీ మాట వినకపోదు.