పెట్టేయండి, నేనే చేస్తాను

ఎవరు ఫోన్ చేసినా బాబాయి నోట వచ్చేది ఒకటే మాట: "పెట్టేయండి, నేనే చేస్తాను." అవతల ఎవరో, ఏం పనిమీద చేశారో వినడు. టప్పున పెట్టేస్తాడు. చొక్కా జేబులోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి, తన చేత్తో తాను రాసుకున్న నంబరు వెతికి, దానికి తనే చేస్తాడు. నోటుబుక్కులో నంబరు లేకపోతే ఆ మనిషి లోకంలో లేనట్టే.

ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసినప్పుడు పట్టుకున్న గుణం ఇది. "గొంతు ఎవడైనా పెడతాడు. ఏ లైన్లో వచ్చిందన్నదే చూడాలి" అంటాడు. అందుకే వీధి మొత్తం ఆయన్ని తిరుగుఫోన్ బాబాయి అంటుంది. నిజంగా బాబాయి వరస అయ్యేది మాత్రం వీధి మలుపులో కళ్లద్దాల కొట్టు నడిపే అన్నకూతురికి ఒక్కదానికే. వరస కలిసినందుకు ఆయన్ని అందరికన్నా ఎక్కువ భరించేదీ ఆమే.

ఈ గుణం ఫోన్లతో ఆగితే బాగానే ఉండేది. ఒకరోజు పిన్ని వంటింట్లోంచి, "ఏవండీ, సిలిండరు వచ్చింది, తలుపు తీయండి" అని కేకేసింది. బాబాయి తలుపు దగ్గరికి పోకుండా వంటింట్లోకి వెళ్లాడు.

"నువ్వేనా పిలిచింది?"

"కాదు, మా అమ్మ పిలిచింది."

"మీ అమ్మ పోయి పదేళ్లయింది. చూశావా, అడగబట్టి తెలిసింది."

ఈలోపు సిలిండరు అబ్బాయి వెళ్లిపోయాడు. వీధి చివరి నుంచి ఫోన్ చేశాడు పాపం. బాబాయి ఏమన్నాడో చెప్పక్కర్లేదు. ఆ రోజు పిన్ని పొయ్యి వెలిగించలేదు.

ఇంకోసారి బ్యాంకు మేనేజరే చేశాడు. "సార్, మీ గొడుగు మా దగ్గర..." అన్నంతలోనే లైను కట్. బాబాయి కార్డు వెనక అచ్చేసిన నంబరుకి చేశాడు. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, వేచి ఉండండి అన్నారు. నలభై నిమిషాలు పాట విన్నాక ఒక అమ్మాయి దొరికింది.

"మీ మేనేజరునని చెప్పుకుంటున్న ఒకాయన దగ్గర నా గొడుగు ఉందట. నిజమేనా?"

ఆ అమ్మాయి కూర్చున్నది ఏ ఊళ్లోనో. "గొడుగుల వివరాలు మా దగ్గర ఉండవు సార్."

"అదీ. నాకు ముందే అనుమానం."

మూడు వారాలు తడిశాడు. చివరికి మేనేజరే ఆ గొడుగు వేసుకుని ఇంటికొచ్చి, ఇచ్చేసి, తను తడుచుకుంటూ వెళ్లాడు.

ఇక మెయిళ్ల సంగతి. బాబాయికి ఇంట్లో కంప్యూటరు లేదు. రోజూ పదకొండింటికి కళ్లద్దాల కొట్టుకు వస్తాడు. లోపలికి వచ్చేముందు గుమ్మం బయట నిలబడి బోర్డుకేసీ, తెరిచిన తలుపుల కేసీ ఒక నిమిషం చూస్తాడు. తర్వాత వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడతాడు.

"కూర్చో బాబాయ్."

"కూర్చుంటే చెయ్యి దానంతటదే బల్లమీదికి వస్తుంది. చదవడానికి కళ్లు చాలు. కిందికి తిప్పు."

ఆమె తిప్పుతుంది. ఆయన చదువుతాడు. "లాటరీ తగిలిందట. కొననిదే ఎలా తగిలింది? తీసెయ్. నా ఖాతా మూసేస్తారట, ఇక్కడ నొక్కి వివరాలు ఇవ్వాలట. ఏ బ్యాంకట? అందులో నాకు ఖాతానే లేదు, హాయిగా మూసుకోమను. అయ్యో, సమాధానం రాయకు. రాస్తే ఈ ఇంట్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. తీసెయ్."

అన్నీ ఇలాంటివే. తెలిసిన మనిషి రాసినది ఒక్కటీ ఉండేది కాదు. మరి రోజూ ఎందుకొస్తాడో ఆమెకు అంతుపట్టేది కాదు.

నిజానికి ఆమెదీ అదే వరస. పొద్దున్నే కొట్టు తెరిచి, దీపం వేసి, అందరికన్నా ముందు మెయిల్ చూసుకునేది. ఆరేళ్లుగా చూస్తోంది. రావలసింది ఒక్కటే. అది రాలేదు.

కొట్టు వెనక భాగంలో అన్నయ్య కూర్చునే స్టూలు ఉంది. నాన్న ఉన్నప్పటినుంచీ అద్దాలు అరగదీసే పని అన్నయ్యది, ముందు కూర్చుని కళ్లు చూసే పని ఆమెది. ఫ్యాక్టరీ నుంచి తయారైన అద్దాలు తెప్పిద్దామని ఆమె అంది. చేత్తో చేసిన అద్దానికి అది సాటి రాదని అతను అన్నాడు. మాటా మాటా పెరిగి ఆమె నోరు జారింది: "యంత్రానికి అలగడం రాదు. అదొక్కటే చాలు నాకు." అతను చేతులు కడుక్కుని, తువ్వాలు మడిచి స్టూలు మీద పెట్టి, వెళ్లిపోయాడు. వేరే ఊళ్లో అద్దాల పనిలోనే ఉన్నాడని విన్నది. ఫ్యాక్టరీ అద్దాలు వచ్చాయి. సానరాయి ఆగింది. తువ్వాలు మాత్రం వారం వారం ఉతికి, మళ్లీ అదే మడతలో అక్కడే పెడుతోంది.

ఆ మంగళవారం మెయిల్ వచ్చింది. అన్నయ్య అడ్రసు నుంచే.

"ఊరు కాని ఊళ్లో చిక్కుకుపోయాను. నువ్వు తప్ప నాకెవరూ లేరు. నాకు రావలసిన సొమ్ము నీ ఖాతాలో వేయిస్తాను. కింద నొక్కి ఖాతా నంబరు, కార్డు నంబరు, పిన్ నింపు. మధ్యాహ్నం పన్నెండు దాటితే అవకాశం పోతుంది. ఫోన్ చేయకు, పనిచేయడం లేదు. ఎవరికీ చెప్పకు."

ఆమె దాన్ని ఏడెనిమిదిసార్లు చదివింది. సొమ్ము మాట ఆమె బుర్రకే ఎక్కలేదు. నువ్వు తప్ప నాకెవరూ లేరు, అన్న దగ్గరే కళ్లు ఆగిపోతున్నాయి. ఆరేళ్ల తర్వాత అన్నయ్య తనను ఒకటి అడిగాడు. ఇవ్వకపోతే మళ్లీ అడుగుతాడా? వచ్చిన గిరాకీని రేపు రమ్మని పంపేసి కింద నొక్కింది. బ్యాంకు పేరుతో ఒక పేజీ తెరుచుకుంది. ఖాతా నంబరు నింపింది. కార్డు నంబరు నింపింది. పిన్ దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో నీడ పడింది. పదకొండు.

ఆమె చటుక్కున తెరకు అడ్డంగా జరిగింది.

"ఏమిటమ్మాయ్?"

"ఏం లేదు."

"ఏమీ లేనిదానికి ఎవరూ అడ్డం నిలబడరు. జరుగు." చేతులు వెనక్కి కట్టుకుని చదివాడు. మెల్లిగా, రెండుసార్లు. కేకలేస్తాడనుకుంది. వేయలేదు. "పిన్ నింపావా?"

"ఇంకా లేదు."

"చేతులు వెనక్కి కట్టుకో."

నలభై ఏళ్లు దాటిన మనిషి, కొట్టు యజమానురాలు, బడిపిల్లలా చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఇందులో నీ పేరెక్కడుంది?"

"నువ్వు తప్ప నాకెవరూ లేరు అన్నాడుగా."

"ఆ 'నువ్వు' ఎవరైనా కావచ్చు. నేను చదివితే నేనే. పైన అడ్రసు చూడు."

"అది అన్నయ్యదే బాబాయ్. అందుకే కదా..."

"మెయిల్ వాడిదే. పేజీ ఎవరిది? బ్యాంకు పేరు పెద్దక్షరాల్లో ఉంది సరే, పైన ఆ సన్న వరసలో ఏముంది?"

ఆమె ముందుకు వంగింది. ఏవో అంకెలు, ఎక్కడా వినని పేరు. బ్యాంకుకు సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు.

"ఊరందరిచేతా పలకమీద కింది వరస చదివిస్తావు. నీ దగ్గరికి వచ్చేసరికి పై అక్షరం చూసి సరిపెట్టుకున్నావు."

"నిజంగా వాడే అయితే? కష్టంలో ఉంటే? పన్నెండు దాటిపోతే?"

"వాడే అయితే పన్నెండు దాటాక కూడా వాడే. అబద్ధానికే తొందర. పేజీ మూసెయ్. ముందు కార్డు ఆపిద్దాం. నంబరు టైపు చేశావంటే వాళ్లకు చేరిందనే అనుకోవాలి."

"మెయిల్లో బ్యాంకు నంబరు కూడా ఇచ్చారు..."

"దొంగ ఇచ్చిన నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు. కార్డు వెనక్కి తిప్పు."

బాబాయిదీ అదే బ్యాంకు. ఒకటి నొక్కారు. మూడు నొక్కారు. పాట మొదలైంది. గోడ గడియారంలో ముల్లు పన్నెండుకేసి నడుస్తోంది. ఆమె దాన్నే చూస్తోంది. పన్నెండు కొట్టింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. ఆ ఉత్తరం అబద్ధమైతే, అన్నయ్య తనను ఏమీ అడగనట్టే కదా.

చివరికి అవతల ఒక అమ్మాయి పలికింది. బాబాయి ఫోన్ తీసుకుని సంగతి చెప్పాడు. ఆ అమ్మాయి ఆ గొంతు గుర్తుపట్టింది.

"సార్, మీకు గొడుగు దొరికిందా?"

"దొరికింది తల్లీ. ఇప్పుడు కార్డు సంగతి చూడు."

ఆ అమ్మాయి ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగి కార్డు ఆపేసింది, కొత్తది పంపుతామంది. వీలైతే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి ఖాతా కూడా సరిచూసుకోమంది. "చూశావా" అన్నాడు బాబాయి, "పిన్ అడగలేదు. అసలు వాళ్లు అడగరు." తర్వాత నల్ల నోటుబుక్కు తీశాడు. "ఇక వాడికి చేద్దాం."

"ఆ నంబరు ఎప్పుడో పోయుంటుంది."

"పోలేదు."

"నీకెలా తెలుసు?"

బాబాయి నోటుబుక్కులో తల దూర్చాడు. "నెలకోసారి లైను పరీక్ష చేస్తుంటాను. పాత అలవాటు."

"ఆరేళ్లుగానా? ఏం మాట్లాడుకుంటారు?"

"వాడు చేస్తే నేను పెట్టేయమంటాను. నేను చేస్తే వాడు పెట్టేయమంటాడు. సగం టైము దానికే పోతుంది. ఆ తర్వాత, కొట్టు తెరిచే ఉందా బాబాయ్, అంటాడు. తెరిచే ఉందిరా, అంటాను. అంతే."

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. నేను ఆపరేటర్ని. లైను కలపడం వరకే నా పని. మధ్యలో దూరి మాట్లాడితే ఉద్యోగం తీసేస్తారు."

"నువ్వు రిటైరై తొమ్మిదేళ్లయింది బాబాయ్."

"అయినా."

ఆమె గుమ్మంకేసి చూసింది. రోజూ పదకొండింటికి, బయట నిలబడి, ఒక నిమిషం. "అంటే... నువ్వు రోజూ వచ్చేది మెయిళ్ల కోసం కాదు."

"కొట్టు తెరిచి ఉందని చెప్పాలంటే నేను చూడొద్దూ? వాళ్లూ వీళ్లూ అన్న మాట పట్టుకుని చెప్పే రకాన్నా నేను?" అంటూ తన సెల్లులో నంబరు నొక్కి ఆమె చేతికిచ్చాడు.

రెండు రింగులు. "బాబాయ్?" అంది అవతలి గొంతు. కొంచెం బొంగురుపోయింది, కానీ అదే.

"అన్నయ్యా, నేనే."

అవతల తిరుగుతున్న సానరాయి ఆగింది. తర్వాత, "పెట్టేయ్. నేనే చేస్తాను." లైను కట్.

ఆమె ముఖం పాలిపోయింది. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది. "నేను నేర్పినవాడే" అన్నాడు.

బల్లమీద నాన్న కాలం నాటి ఫోన్ మోగింది. నెలల తరబడి ఎవరూ చేయని ఫోన్. ఆమె చెయ్యి చాపి ఆగింది, బాబాయికేసి చూసింది.

"వాడు తను రాసుకున్న నంబరుకే చేస్తున్నాడు. అదీ పద్ధతి. నువ్వు కూడా పద్ధతి ప్రకారం పెట్టేసి..." అని ఆగాడు. "వద్దులే. ఎత్తు."

"ఏం ఇవ్వలేదు కదా?" అన్నాడు అన్నయ్య, పలకరింపు కూడా లేకుండా. "నా మెయిల్ ఎవడో కాజేశాడు. పొద్దుటినుంచీ ఒకటే ఫోన్లు. నువ్వు తప్ప నాకెవరూ లేరని మా పళ్ల డాక్టరుకి కూడా వెళ్లిందట. ఆయన గొంతు పూడుకుపోయింది. నేనంటే నీకింత అభిమానమని తెలియదయ్యా, అన్నాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అటు కూడా నవ్వు వినిపించి, ఆగింది.

"కొట్టు తెరిచే ఉందా?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి స్టూలునీ, దాని మీది తువ్వాలునీ చూసింది. "నోటిమాట నమ్మకు. నువ్వే వచ్చి చూసుకో."

"ఆదివారం తెరుస్తావా?"

"తెరుస్తాను."

ఫోన్ పెట్టేసినా దానిమీదినుంచి చెయ్యి తీయలేదు. "ఆదివారం వస్తాడట బాబాయ్."

"వస్తానన్నాడా, నువ్వనుకున్నావా?"

"తెరుస్తావా అని అడిగాడు. వచ్చేవాడే కదా అడిగేది."

"ఊఁ" అన్నాడు బాబాయి నల్ల నోటుబుక్కు మళ్లీ తెరుస్తూ. "ఉండు, నేనే చేసి కనుక్కుంటాను."