ఉప్పునేల మీద నాలుగో రోజు

మా బావ శాంతికుమార్ దగ్గర బండి నేర్చుకున్నవాళ్లను పలాస నుంచి శ్రీకాకుళం దాకా ఎక్కడైనా గుర్తుపట్టవచ్చు. తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి వస్తారు. కోటబొమ్మాళిలో ఇరవై ఆరేళ్లుగా ఒకటే డ్రైవింగ్ స్కూలు, ఒకటే రేకుల గది, అవే తిట్లు. "బ్రేకు దేవుడు కాదురా, మొక్కగానే ఆదుకోడానికి" అన్నది వాటిలో మెత్తనిది. మిగతావి చర్చికి వెళ్లే మనిషి అనకూడనివి. అయినా అనేవాడు.

పద్నాలుగు నెలల కిందట, తొలకరి వానలో, టెక్కలి దాటాక హైవే వంపులో ఒక కారు గిర్రున తిరిగి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఎడమ సీటులో బావ ఒక్కగానొక్క కొడుకు ఫిన్నీ. ఇరవై రెండేళ్లు. నడుపుతున్నది వాడి స్నేహితుడు వెంకీ, భావనపాడులో సముద్రం మీద చేపల వేటకు వెళ్లే అసిరయ్య కొడుకు. వాడికి బండి నేర్పిందీ బావే. ఫిన్నీ అక్కడికక్కడే పోయాడు. వెంకీకి చెయ్యి విరిగింది. అతివేగం అని కాగితాల్లో రాశారు. వెనక బస్సులో వచ్చినవాళ్లు అరవై కూడా లేదన్నారు. వెంకీది మాత్రం ఒకటే మాట. "వెనకాల కుడికి జారీసింది మావా. నువ్వు సెప్పినట్టే కుడికి తిప్పేను. తిరగలేదు."

బావ ఏడవలేదు. సమాధి మీద మట్టి ఆరకముందే స్కూలు తెరిచాడు. పన్ను పీకే ముందు సూది వేస్తే మన బుగ్గే మనది కాదనిపిస్తుంది కదా, బావ మనిషంతా అలా అయిపోయాడు. కూరలో ఉప్పు లేకపోయినా తినేవాడు, ఎక్కువైనా తినేవాడు. తిట్లు మానేశాడు. నాకు ఒళ్లు మండేది. నేను బావ భార్య లీలారాణి అక్క తమ్ముణ్ణి, రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. మేనల్లుణ్ణి ఎత్తుకుని పెంచినవాణ్ణి. నేను గుండెలు బాదుకుంటుంటే కన్నవాడు గోడలా కూర్చుంటే ఎలా ఉంటుంది? నాకైతే వెంకీ గొంతు పిసకాలని ఉండేది. అక్క వాడి పేరెత్తితే శాపనార్థాలు పెట్టేది. బావ మాత్రం ఎప్పుడైనా ఒక్క మాట అనేవాడు. "ఆ వంపులో ఏటైందో తెలవాల."

ఈ ఏడు ఆషాఢంలో నౌపడ రొయ్యల చెరువుల ఆసామి ధనరాజు గారు ఎక్కడో పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, పండుమిరపకాయ రంగు. మొదటి వానకే అది వెనక్కి తిరిగి ఆయన్ని వరిమడి గట్టు మీద కూర్చోబెట్టింది. బురద కాళ్లతోనే స్కూలుకు వచ్చారు.

"మాస్టారూ, ఇది ఎంతవరకు మాట ఇంటాదో, ఎక్కడ ఇనదో నాకు తెలవాల. సచ్చిపోకుండా తెలవాల," అన్నారు.

బావ చాలాసేపు ఆ కారు వెనక చక్రాల వైపు చూశాడు. "డబ్బులొద్దు. మూడు రోజులు మీకు నేర్పుతాను. నాలుగో రోజు బండి నాది. నాను పిలిసినోడు నడుపుతాడు," అన్నాడు. ఫిన్నీ సంగతి విన్నవారే కనక ఎవరిని పిలుస్తాడో ధనరాజు గారికి అర్థమైంది. సరే అన్నారు.

నౌపడ వెనక లీజు తీరి వదిలేసిన ఉప్పు మడులున్నాయి. వాటి పక్కన ఉప్పు కుప్పలు పోసే చదును నేల. కూలీలు ఏళ్ల తరబడి కాళ్లతో తొక్కితొక్కి సిమెంటులా చేసిపెట్టారు. పైన వాన పడితే నూనె రాసిన పెనమే. "రోడ్డు మీద ఎనబైలో జారేది ఇక్కడ పాతికలో జారతాది," అన్నాడు బావ. "గుద్దుకోడానికి ఏటీ నేని కాడే హద్దు ఎతుక్కోవాల." వెదురు కర్రతో నేలంతా పొడిచి మెత్తగా ఉన్నచోట ఎర్ర గుడ్డ కట్టాడు. చక్రాల్లో గాలి చూశాడు. నడిమిన ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించాడు. మేకలు రాకుండా చూడటం నా పని.

ధనరాజు గారు ఆ బకెట్ చుట్టూ తిరిగారు. పదిహేనులో, పద్దెనిమిదిలో, ఇరవైలో. వేగం పెంచేకొద్దీ చక్రాలు తిప్పినా ముక్కు బయటికే పోయేది. అదొక హద్దు. అక్కడ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారేది. అది రెండోది. "వెనక ఎటు జారితే స్టీరింగు అటే. బకెట్ని సూడకండి, ఎటెల్లాలో అటు సూడండి." మొదటి రోజు ఆయన మూడు బకెట్లు తొక్కారు. మూడో రోజుకి జారిన బండిని పట్టుకోవడం వచ్చింది. పిల్లికి చెలగాటం అన్నట్టు ఆయన నవ్వుతుంటే బావ ముఖం మాత్రం రేకుల గది తలుపులాగే ఉంది.

నాలుగో రోజు వెంకీ వచ్చాడు. ప్రమాదం తర్వాత వాడు స్టీరింగు ముట్టలేదు. చేయి అతికాక తండ్రితో వేటకు వెళ్తున్నాడు. నా ముఖం చూడలేదు. నేనూ పలకరించలేదు. బావ పక్క సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఫిన్నీ కూర్చున్న వైపు.

నెమ్మదిగా తిరిగినంతసేపు వెంకీ చేతులు బాగానే ఉన్నాయి. ఇరవై రెండులో బావ, "వదిలీ" అన్నాడు. వెంకీ కాలు తీశాడు. వెనక కుడికి జారింది. కారు రెండు చుట్లు తిరిగి ఆగింది.

"ఎటు తిప్పేవు?"

"కుడికే మావా."

గట్టు మీద నుంచి నేను చూశాను. ముందు చక్రాలు తిరిగింది ఎడమకి. మళ్లీ చేశారు. మళ్లీ ఎడమకే. అయిదుసార్లు. అయిదుసార్లూ "కుడికే మావా" అన్నాడు, ఒట్టేసినట్టు. అబద్ధం కాదు. వాడి తల కుడి అనుకుంటోంది, చేతులు ఎడమకు పోతున్నాయి.

బావ ఇంజను ఆపాడు. "పడవలో ముక్కు కుడికి ఎల్లాలంటే ఇంజను పిడి ఎటు తోస్తావు?"

"ఎడమకి తోస్తాను."

బావ కారు దిగి చాలా దూరం నడిచి, ఉప్పు మడి నీళ్లలో నిలబడ్డాడు. వేటకు వెళ్లేవాళ్ల పిల్లలు బండి నేర్చుకోవడానికి వస్తే మొదటి రోజు అందరూ తిరగేసే తిప్పుతారు. పుట్టి బుద్ధెరిగాక పట్టింది పడవ పిడి కదా. స్కూల్లో అందరం నవ్వేవాళ్లం. బావ స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. నాలుగో రోజుకి సరిగ్గా తిప్పగానే "పడవ పిడి మరిసిపోనాడు" అని సంతకం పెట్టేవాడు. అంతా పొడి రోడ్డు మీద, ముప్పైలో. భయం వేస్తే ఆ చేతులు ఎటు పోతాయో ఇరవై ఆరేళ్లలో ఒక్కరికీ చూడలేదు. వెంకీకీ చూడలేదు.

వెంకీ మీద నా కోపం ఆ గట్టు మీదే పోయింది. మరి ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

బావ తిరిగి వచ్చి కూర్చున్నాడు. జారగానే గట్టిగా "కుడి" అని నోటితో చెప్పి, తర్వాత తిప్పమన్నాడు. పదకొండోసారికి చేతులు మాట విన్నాయి. ఎండ నెత్తికెక్కే దాకా, పెట్రోలు అయిపోవచ్చిందని దీపం వెలిగే దాకా చేయించాడు. చివరికి బావ చెప్పకుండా హ్యాండ్‌బ్రేకు లాగి జారించినా వెంకీ పట్టుకున్నాడు.

దిగాక వెంకీ కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "మావా, ఆ రోజు కూడా ఎడమకే తిప్పీసానా?"

నేను బావ ముఖం చూశాను. అందులో ఏమీ లేదు.

"నేదురా. ఆ రోజు రోడ్డు మీద డీజిలు ఒలికిపోయుంది. ఎటు తిప్పినా ఆగదు. నాను ఎల్లి సూసేను."

వాడు నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. పద్నాలుగు నెలల ఏడుపు. బావ నిలబడి ఆ ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

దారిలో అడిగాను. "డీజిలెక్కడిది బావా? ఆ రోడ్డు నానూ సూసేను."

"ఊరుకో."

ఇంటికి వెళ్లేసరికి అక్క గుమ్మంలో ఉంది. "తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"ఎవుల తప్పు?"

బావ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "నేర్పినోడిది," అని వెంకీ చేతుల సంగతంతా చెప్పాడు, ఎవరి కొడుకు సంగతో చెప్పినట్టు.

అక్క వంగి ఆ చెప్పుల్ని గోడవారకు జరిపింది. "వెంకీకి సెప్పేసేరా?"

"నేదు."

"సెప్పకండి," అంది అక్క.