నాదేగారి కారు బీమా

"తప్పు నాదే. రాసేసుకో."

"మావయ్యా, ముందు ఏం జరిగిందో చెప్పు. తప్పు సంగతి తర్వాత చూద్దాం."

"ఏం జరిగితేనేం? కారు వెళ్ళింది, స్తంభం వచ్చింది. తప్పు నాదే."

"స్తంభం రావడమేమిటి మావయ్యా! అది ఎక్కడికీ కదలదు కదా?"

"నేనూ అదే అంటున్నాను. దాని తప్పేం లేదు."

మేనకోడలు కలానికి మూత పెట్టేసింది. ఆమె పని కార్లకి బీమా చేయించడం. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో తప్పు తనదని ఒప్పుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. అయితే వానది, లేకపోతే ఎదురొచ్చినవాడిది, అదీ కాకపోతే రోడ్డు వేసినవాడిది. అడక్కుండానే తప్పంతా నెత్తిన వేసుకునే మనిషి ఈ భూప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కడు. ఆ ఒక్కడూ తనకి సొంత మేనమామ కావాలా అని ఆమె బాధ.

మావయ్యకి ఉన్నది ఆ ఒక్క జబ్బే. మంగలి షాపులో కత్తి తగిలి చెంప మీద రక్తం వస్తే, మంగలి కంగారుపడేలోపే ఈయన అందుకుంటాడు. "తప్పు నాదేనయ్యా. చెంప కాస్త ముందుకి పెట్టాను." పక్కింటివాళ్ళ బట్టలు వానకి తడిస్తే గోడ మీంచి తల పెట్టి, "తప్పు నాదేనమ్మా, మబ్బు చూసి కూడా ఒక కేక వెయ్యలేదు" అంటాడు. అందుకే వీధివీధంతా ఆయన్ని 'నాదేగారు' అంటారు. అసలు పేరు పోస్టుమాన్‌కి కూడా గుర్తులేదు.

అత్తయ్య బాధ వేరు. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది, కడుపునిండా ఒక్క పోట్లాట లేదే నాకు! పొయ్యి మీద పాలు పొంగిపోయాయని వంటింట్లోంచి గొంతెత్తేసరికి హాల్లోంచి 'తప్పు నాదే' అని వినబడుతుంది. పాలు పెట్టింది నేను, మర్చిపోయింది నేను. ఇంక ఎవరితో పోట్లాడను?"

ఇదంతా ఇంటి వరకూ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కారు దగ్గరికి వచ్చేసరికే గొడవ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మావయ్య పెద్ద బస్సు నడిపాడు. దాని ఒంటి మీద గీత పడనివ్వలేదు. రిటైరై, ఇంత చిన్న పాత కారు ఒకటి కొన్నాడో లేదో, ఊళ్ళో గోడలూ గేట్లూ స్తంభాలూ వరసపెట్టి ఆయన ఖాతాలోకి రావడం మొదలుపెట్టాయి. ఒకటి సొట్టపడితే ఒకటి మార్పించి, ఇప్పుడు ఆ కారు తలుపులు తలో రంగులో ఉంటాయి. మీ కారు రంగేమిటండీ అని ఎవరైనా అడిగితే అత్తయ్య "ఏ వైపు?" అని అడుగుతుంది.

చుట్టాలు తలో కారణం కనిపెట్టారు. బస్సుకి అలవాటుపడ్డ చేతులు, వెనకాల ఇంకా బోలెడు సీట్లున్నాయనుకుని తిప్పుతున్నాడని ఒకరు. కళ్ళు తగ్గాయని ఇంకొకరు. మేనకోడలు బలవంతాన కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. మావయ్య గోడ మీది అక్షరాలన్నీ చదివేసి, అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివి వినిపించాడు. డాక్టర్ లేచి వెళ్ళి, అలాంటిదొకటి అక్కడ ఉందని అప్పుడే తెలుసుకున్నాడు.

ఇప్పుడున్న పాలసీ ఈ శనివారంతో ఆఖరు. ఇక మీ కారు మాకొద్దని పాత కంపెనీ మర్యాదగా ఉత్తరం రాసింది. బీమా లేకుండా కారు రోడ్డెక్కడానికి వీల్లేదు. ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మావయ్య ఈసారి నోరు తెరిచి అడిగాడు.

"అమ్మాయీ, ఒక్క రోజు కూడా కారు ఆగకూడదు. మన చేతికి అందే ధరలో ఏదైనా చూడు."

"అంత అర్జెంటుగా ఎక్కడికి వెళ్ళాలి మావయ్యా?"

"ఎక్కడికీ లేదు. తిరగాలి."

"పెట్రోలు దండగ."

"నిజమే. తప్పు నాదే."

మేనకోడలు వేట మొదలుపెట్టింది. మొదటి కంపెనీకి ఫోన్ చేసి కారు నంబర్ చెప్పగానే అవతలి అమ్మాయి "ఒక్క నిమిషం" అని ఫోన్ పక్కన పెట్టింది. "ఏయ్, ఆయనే! రా, రా!" అని ఎవర్నో పిలవడం, తర్వాత చాలామంది నవ్వడం వినబడ్డాయి. రెండో కంపెనీ ఒప్పుకుంది కానీ, వాళ్ళు అడిగిన ప్రీమియంతో ఇలాంటి కారే ఇంకోటి కొనుక్కోవచ్చు. కొంటే మళ్ళీ దానికి బీమా.

మూడో కంపెనీ మేనేజర్ మంచివాడు. మనిషిని చూస్తానన్నాడు. లోపలికి వెళ్ళేముందు మేనకోడలు మావయ్యని గుమ్మం దగ్గర నిలబెట్టి నచ్చజెప్పింది. "నీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం అనకు. ఏమడిగినా చిరునవ్వు నవ్వు, చాలు."

మేనేజర్ మెత్తగా మొదలుపెట్టాడు. "పెద్దవారు. ఇన్నిట్లో ఒకటో రెండో అయినా ఎదుటివాళ్ళ తప్పు అయ్యుంటుంది కదండీ?"

మావయ్య చిరునవ్వు నవ్వాడు. మేనకోడలు ఊపిరి పీల్చుకుంది.

"ఆ గేటు సంగతే తీసుకోండి. వాళ్ళు హఠాత్తుగా తెరిచి ఉంటారు."

"లేదండీ, మూసే ఉంది" అన్నాడు మావయ్య ఉండబట్టలేక. "తాళం కూడా వేసుంది. వాళ్ళని ఏమీ అనకండి, తప్పు నాదే."

"పోనీ, ఇకమీదట ఇలాంటివి జరగవని మాటివ్వగలరా?"

మావయ్య నిజాయితీగా ఆలోచించాడు. "వచ్చే వారం ఒకటి జరిగేలా ఉందండీ."

బయటికి వచ్చాక మేనకోడలు గబగబా మెట్లు దిగిపోయింది. వెనకే వస్తున్న మావయ్య ఇంక ఆపుకోలేక, "తప్పు..." అన్నాడు.

"అనకు మావయ్యా!"

మిగిలింది ఒకే ఒక్క చిన్న కంపెనీ. వాళ్ళు పక్కన కూచుని చూస్తేగానీ మాట ఇవ్వరు. శుక్రవారం పొద్దున వాళ్ళ ఇన్‌స్పెక్టర్ స్కూటర్ మీద దిగాడు. మనిషి ముందే భయపడిపోయి ఉన్నాడు. వస్తూ వస్తూ ఇంటికి ఫోన్ చేసి అందరితోనూ మాట్లాడాడట. కారెక్కి, బెల్టు బిగించి, తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. వెనక సీట్లో మేనకోడలు కూడా అదే పని చేసింది.

కారు కదిలింది. కదిలిందని తెలియలేదు. సందుల్లోంచి, సంత జనంలోంచి, పిల్లల్ని వదిలిన బడి ముందునుంచి, నీళ్ళ మీద ఆకు వెళ్ళినట్టు వెళ్ళింది. మావయ్య చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయో లేదో అన్నట్టున్నాయి. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ పట్టు సడలింది. ఇంకాసేపటికి తల ఒక పక్కకి వాలింది. ఆ తర్వాత సన్నగా గురక వినబడింది.

ఇంటి ముందు కారు ఆగాక మేనకోడలు ఆయన భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. "బయల్దేరదామాండీ?"

"వచ్చేశామండీ."

ఇన్‌స్పెక్టర్ మూతి తుడుచుకుని, తలో రంగు తలుపుల్ని చూశాడు, మావయ్య చేతుల్ని చూశాడు. "ఈ చేతులతోనా అండీ స్తంభాన్ని గుద్దింది?"

మావయ్య నోరు తెరిచేలోపు గేటు దగ్గర్నుంచి ఒకావిడ గొంతు వినబడింది. ఇళ్ళకి తిరిగి ముసలివాళ్ళకి మందులిచ్చి, కట్లు కట్టే నర్సు. తెల్ల కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. "గురువుగారూ, ఇవాళ పాఠం ఉందా? స్తంభం వైపు వద్దండీ. దాన్ని చూస్తే నాకింకా సిగ్గుగా ఉంది."

అందరూ మావయ్య వైపు తిరిగారు. మావయ్య కారు పైకప్పు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

నర్సుకి దాపరికం తెలియదు. అడిగిందే తడవు అంతా చెప్పేసింది. స్తంభాన్ని గుద్దింది తనట. తాళం వేసిన గేటుని గుద్దింది బట్టలు కుట్టే ఆవిడ. ప్రహరీగోడని లెక్కల మేష్టారు. డ్రైవింగ్ స్కూలువాళ్ళు ఫీజు వెనక్కిచ్చేసి, మా వల్ల కాదమ్మా అని పంపేసినవాళ్ళంతా చివరికి ఇక్కడికే వస్తారట. పక్కన ఈయన కూచుంటాడు. గుద్దగానే ముందు ఈయనే దిగి, జనం పోగయ్యేలోపు ఆ ముక్క అనేస్తాడు. "నేను దిగేసరికి తిట్టాల్సినవాళ్ళు తిట్టేసి వెళ్ళిపోయి ఉంటారండీ. సోమవారం నా లైసెన్సు పరీక్ష. పాసైతేనే ఊరి చివర ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. కారు వాళ్ళే ఇస్తారు. ఈ రెండు మూడు రోజులూ చెయ్యి తిరగకపోతే అంతే సంగతులు."

"నీకు తెలుసా అత్తయ్యా?" మేనకోడలు వసారా వైపు తిరిగింది.

"తెలియక! చెప్పొద్దన్నారు. దీని మీదైనా ఒక పోట్లాట పెట్టుకుందామని చూశాను. ఏదీ, పడనిస్తేనా?"

ఇన్‌స్పెక్టర్‌కి హుషారు వచ్చింది. "మరి ఇంకేమండీ! ఎవరెవరు గుద్దారో పేర్లు రాసివ్వండి. మీ మీద మచ్చ పోతుంది, ప్రీమియం ఇట్టే దిగిపోతుంది."

"ఆ మచ్చ వాళ్ళకి అంటుకుంటుంది" అన్నాడు మావయ్య. "అసలే భయస్తులు. నేను బస్సు నేర్చుకున్న మొదటిరోజు ఒక బట్టల కొట్టు పందిరి మొత్తం బస్సు నెత్తిన వేసుకొచ్చేశానండీ. నేర్పే ఆయన దిగి, కొట్టు యజమానితో 'తప్పు నాదే' అన్నారు. తిట్లన్నీ ఆయన తిన్నారు. నేను ఆయన కొనిపెట్టిన టీ తాగాను. ఆ టీ తాగబట్టే మర్నాడు మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాను. పేర్లు ఇవ్వనండీ."

ఇంక లాభం లేదన్నట్టు ఇన్‌స్పెక్టర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. అప్పుడు మేనకోడలు ఠపీమని నుదురు కొట్టుకుంది. "మావయ్యా! ఇన్నాళ్ళూ మామూలు కారుకి బీమా వెతుకుతున్నాం. ఇది నేర్పే కారు! దాని పాలసీ వేరు. నీ సీటు దగ్గర రెండో బ్రేకు పెట్టించి, లైసెన్సుకి వెళ్ళేవాళ్ళకి నేర్పుతున్నానని ముందే చెప్పేస్తే చాలు. ధర వాళ్ళంతా అడిగినదాంట్లో పావు వంతు కూడా ఉండదు. కదండీ?"

"ఉండదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేపు బ్రేకు పెట్టించండి, రేపే పాలసీ ఇస్తాను. కాకపోతే ఒక షరతు. పక్కన బ్రేకు మీ కాలి కింద ఉంటుంది కాబట్టి, ఏం జరిగినా పూర్తి బాధ్యత నేర్పేవాడిదే."

మావయ్య మొహం వెలిగిపోయింది. "అలా రాసే ఉంటుందా? అచ్చులో?"

"మొదటి పేజీలోనే."

"ఇంత మంచి పాలసీ ఉండగా ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"తప్పు నాదే మావయ్యా."

"అదిగో, ఆ మాట నీకెందుకు? అది నాది" అన్నాడు మావయ్య, జీవితంలో మొదటిసారి చిరాకుపడి. వసారాలో అత్తయ్య ఆశగా లేచి నిలబడింది.

పాత పాలసీ రేపటిదాకా ఉంది కాబట్టి పాఠం ఎందుకు ఆగాలని నర్సు స్టీరింగ్ ముందు కూచుంది. మావయ్య పక్క సీట్లోకి మారాడు. ఇన్‌స్పెక్టర్ వసారాలో టీ కోసం కూచున్నాడు. మేనకోడలు సంచి భుజాన వేసుకుని బయల్దేరబోతుంటే మావయ్య అద్దం దించి పిలిచాడు.

"అమ్మాయీ, వెళ్తూ వెళ్తూ చిన్న పని. ఇన్‌స్పెక్టర్‌గారి స్కూటర్ గేటు పక్కనే ఉంది. కాస్త జరిపి వెళ్ళు."

"ఎంత జరపను మావయ్యా?"

మావయ్య ఒకసారి నర్సు కాళ్ళ వైపు చూశాడు. ఆవిడ మూడు పెడల్స్‌లో ఏది ఏదో వంగి చూసుకుంటోంది.

"పక్క వీధిలో పెట్టు తల్లీ."