అత్త, నేను, చౌకాబారా

పెళ్లయి హిందూపురం నుంచి ధర్మవరం వచ్చిన కొత్తలో నేను నోరు విప్పడానికే భయపడేదాన్ని. నా మాటల్లో సగం కన్నడం దొర్లుతుందని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. పట్టుచీరలు నేసే మా అత్త మాత్రం నవ్వలేదు. ఒక మధ్యాహ్నం మగ్గం దిగొచ్చి, గచ్చు మీద సుద్దముక్కతో ఐదు వరుసల గళ్లు గీసింది.

"ఈడ కూర్చో పాపా. చౌకాబారా వచ్చునా?"

పాచికలుగా సగానికి చీల్చిన చింతగింజలు నాలుగు. తెల్లవైపు ఎన్ని పడితే అన్ని గళ్లు జరగాలి. ఆట మొదలైన కాసేపటికే తగువొచ్చింది. ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపకుండా అత్త లోపలి గళ్లలోకి దూరింది.

"అట్ల పోకూడదత్తా!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదటిసారి.

"ఎవురు చెప్పినారు?"

"మా అవ్వ. వాళ్లది పెనుకొండ. ఆడ కోటలో బండ మీద చెక్కిన గళ్లుండాయి. చిన్నప్పుడు దాని మీదనే ఆడేదంట."

అత్త కాయను వెనక్కి తీసుకుంది. "రాతి మీద ఆడినామె చెప్తే ఇంక మాట్లాడేదేముండాది? కానీ, అట్లే ఆడదాం."

అప్పటి నుంచి మా ఇంట్లో అదే నియమం. పిల్లలు లూడో అట్టలు కొన్నారు, తర్వాత ఫోన్లలో ఆడారు. మేమిద్దరం గచ్చు వదల్లేదు.

మూడేళ్ల కిందట అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చినామె రబ్బరు బంతి ఇస్తే పిసకనే లేదు, ఎడంచేత్తో తోసేసింది. నేను ఆ వేళ్లు మెల్లగా విప్పి చింతగింజలు పెట్టాను.

"పందెం నీదే అత్తా, వెయ్యి."

మొదట్లో గింజలు వేళ్ల మధ్యే ఇరుక్కునేవి. ఒక్కొక్కటీ నేనే తీసి నేల మీద వేసేదాన్ని. రెండు నెలల తర్వాత ఒక ఉదయం నాలుగూ వాటంతటవే జారిపడ్డాయి. నాలుగూ తెల్లగా.

"చౌకా!" అంది. మాట ముద్దగానే ఉంది, నవ్వు మాత్రం ఎప్పటిదే. నాకు ఏడుపు ఆగలేదు.

అత్త మళ్లీ మగ్గం ఎక్కలేకపోయింది. కానీ అన్నం తన చేత్తోనే కలుపుకుంటుంది. నిన్న నాకూ ఒక ముద్ద పెట్టింది. ఉప్పెక్కువైంది. ఇంకొకటి పెట్టమని అడిగాను.